ఏడుపులో అన్న మాట

మొన్న మా ఆడపడుచు ఫోనులో స్టేటస్ పెట్టింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని. అంతే, ఇంకో ముక్క లేదు. భోజనాల వేళకి నాకు ఫోన్లు మొదలయ్యాయి. అది తన కొడుకు ఉద్యోగం మానేసినందుకు అన్న మాటేనంది మా తోడికోడలు. కాదు, తన స్థలం తగాదా గురించేనన్నాడు మా మరిది. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కనక మా చుట్టాల్లో ఎవరికి ఏ మాట గుచ్చుకున్నా అర్థం చెప్పమని నా మీద పడతారు. చివరికి విసుగొచ్చి ఆడపడుచునే అడిగాను. "ఏమో వదినా, బంతిపువ్వుల బొమ్మ మీద రాసుంది. పువ్వులు బాగున్నాయని పెట్టాను" అంది.

నమ్మాను. ఫోను పెట్టేశాక అనుమానం వచ్చింది. నిజంగా పువ్వుల కోసమేనా? అలా అయితే మా మరిది పేరెత్తగానే ఎందుకు నవ్వింది? నా బుర్ర ఇంతే. మాటకి ఒక అర్థం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అని ఉద్యోగమంతా పిల్లలకి చెప్పాను గానీ, నాకు మాత్రం ఆ నమ్మకం చిన్నప్పుడే, మా నూతి గట్టు దగ్గరే పోయింది.

మా ఊరు అనకాపల్లికి దగ్గరే. గానుగాట రోజుల్లో ఊరంతా ఒకటే వాసన, కాగుతున్న చెరుకు రసం వాసన. బట్టల్లో, జుట్టులో, ఆఖరికి అన్నంలో కూడా అదే. బడి నుంచి వస్తూ వస్తూ గానుగ దగ్గర ఆగి, చెరుకు ఆకు మడిచి వేడి పాకం పట్టించుకునేవాళ్ళం. నాలిక కాలేది. కాలినా సరే, మర్నాడు మళ్ళీ వెళ్ళేవాళ్ళం. పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే పని మా చిన్నాన్నది. "ఒలే గుంటలూ, పెనం కాడికి రాకండి, ఉడికిపోతారు" అని అరుస్తూనే మాకు మంచి పాకం పోసేవాడు.

ఆయన భార్యే మా పిన్ని. సబ్బవరం అవతలి పల్లె నుంచి వచ్చింది. మనిషి సన్నం, గొంతు మాత్రం కంచుగంట. ఆ గొంతు సంగతి చెప్పాలంటే మా వైపు ఏడుపుల సంగతి చెప్పాలి.

మా వైపు చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. రాగం తీసి, మాట కట్టి ఏడుస్తారు. పోయినవాళ్ళ మంచీ, తమ గోడూ, ఎవరు ఏం అన్యాయం చేశారో అదీ అన్నీ అందులో వస్తాయి. మిగతా రోజుల్లో నోరెత్తని కోడలు కూడా ఆ రోజు ఏమన్నా ఎవరూ అడ్డు చెప్పకూడదు. అడ్డు చెప్పరు గానీ చెవులు మాత్రం రిక్కించి వింటారు. ఇంటికెళ్ళాక వారం రోజులు అదే పని. ఆ మాట ఎవర్ని అంది, ఈ మాట ఎవరికి తగిలింది అని.

మాకు అదొక ఆట. ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకటి తల ఊడిపోతే, దాన్ని అరిటాకు మీద పడుకోబెట్టి నేనూ పక్కింటి పిల్లలూ చుట్టూ కూర్చుని శోకాలు తీశాం. "నీ ఎర్ర లంగా ఎవులు కడతారే నా తల్లీ" అని నేను ఏడుస్తుంటే వెనక నుంచి పిన్ని వచ్చింది. తిడుతుందనుకున్నాం. "అలాక్కాదే. 'నా తల్లీ' అన్నకాడ గొంతు దించాల. నువ్వు ఎక్కిత్తన్నావు, అది పెళ్ళి పాటలాగుంది" అని తనే పక్కన కూర్చుని ఏడ్చి చూపించింది. ఆ బొమ్మ మీద నాకు నిజంగా ఏడుపొచ్చేసింది. అప్పట్నుంచీ నేను పిన్నికి తోక.

ఆ యేడు బడిలో మాకు సందర్భ సహిత వ్యాఖ్యలు మొదలుపెట్టారు. పాఠంలోని ఒక వాక్యం ఇస్తారు, ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాసి భావం చెప్పాలి. అందులో నాకే ఎప్పుడూ మంచి మార్కులు. ఒకసారి మాస్టారిని అడిగాను, నిదానమే ప్రధానం అంటారు, ఆలస్యం అమృతం విషం అనీ అంటారు, ఇందులో ఏది నిజమండీ అని. ఆయన ముక్కుపొడుం ఒక పట్టు పీల్చి, "పరీక్షలో ఏది అడిగితే అదే నిజం. కూర్చో" అన్నారు.

తాతయ్య నూతి గట్టు మీద పడ్డది ఆ గానుగాట రోజుల్లోనే. ఆయనకి కళ్ళు సరిగా ఆనేవి కావు. రోజూ పిన్నే వేడినీళ్ళు తోడి స్నానం చేయించేది. ఆ రోజు నీళ్ళు పోయడం అయిపోయింది, తువ్వాలు మరిచిపోయానని లోపలికి వెళ్ళింది. తాతయ్య ఆగలేదు, తనంతట తను లేచాడు. నాచు మీద కాలు జారింది. మేమంతా పరిగెత్తుకెళ్ళేసరికి పిన్ని ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "తువ్వాలు కోసం ఎళ్ళేనండీ, తువ్వాలు కోసమే" అని కనబడిన వాళ్ళందరికీ చెబుతోంది. తుంటి ఎముక విరిగిందన్నారు. తాతయ్య మరి మంచం దిగలేదు. కొన్నాళ్ళకి పోయాడు.

వాకిట్లో పడుకోబెట్టారు. ఊరి ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. నాయనమ్మ మాత్రం ఏడవలేదు. రాయిలా గోడకి ఆనుకుని ఉండిపోయింది. ఏడవకపోతే గుండె ఆగిపోతుందని భయపడి మా అమ్మ ఆవిడ్ని పట్టుకుని కుదిపింది. ఊళ్ళో పెద్ద వయసావిడ, మా ఎదురింటి పెద్దమ్మ, "ఏడవే, ఏడుసీ" అని వీపు మీద కొట్టింది. అప్పుడు నాయనమ్మ గొంతు పెగిలింది. ఒకే ఒక్క ముక్క, వాకిలి దాటి వీధంతా వినపడేలా.

"నీళ్ళు పోసిన సెయ్యే నిన్ను నేల కూల్సిందా, నా రాజా..."

అంతలోనే స్పృహ తప్పింది. నీళ్ళు చల్లారు, లోపలికి మోసుకెళ్ళారు. కానీ వాకిట్లో ఏడుపులన్నీ ఆగిపోయాయి. ఒక్కొక్క తలా పిన్ని వైపు తిరిగింది. పిన్ని అప్పుడే బిందె తెచ్చి దించబోతోంది. దించకుండా నడుం మీదే పట్టుకుని అలా నిలబడిపోయింది.

నేను మనసులోనే సందర్భం రాసేసుకున్నాను. ఈ మాట నాయనమ్మ తాతయ్యతో అన్నది. తాతయ్య చనిపోయిన సందర్భంలో అన్నది. భావం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. నీళ్ళు పోసిన చెయ్యి ఒక్కటే ఉంది మా ఇంట్లో.

తరవాత రోజులన్నీ అదే మాట. ఎదురింటి పెద్దమ్మ, "నిప్పు నేకండా పొగొత్తాదేటి? ముసల్ది ఊరికే అంటాదా" అంది. మా అమ్మ, "మనిసి పోయిన దుక్కంలో వంద అంటారు. అయన్నీ ఏరుకుంటామేటి" అంది. అంది గానీ పిన్ని మొహం చూసి కాదు. ఒక చుట్టాలావిడ భోజనం చేసి చెయ్యి కడుక్కోడానికి లేస్తే పిన్ని చెంబుతో నీళ్ళు పోయబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "ఉండమ్మా, నానే పోసుకుంటాను" అంది. అంత మర్యాదగా అంది. పిన్ని చెంబు గట్టు మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెంబుని సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోలేదు.

నాయనమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. భర్త పోయిన ఆడదాన్ని మూల గదిలో కూర్చోబెట్టారు. ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తడం పాపం అన్నారు. ఊరంతా ఆ మాట గురించే మాట్లాడుతుంటే అన్న మనిషి చెవికి మాత్రం అది చేరలేదు.

నేను ఊరుకోలేక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఎవరి మాటో చెప్పకుండా, జానపదుల పాటలో ఉందండీ అన్నాను. ఆయనకి ఎక్కడలేని హుషారొచ్చింది. "ఆహా, ఎంత గొప్ప భావమే. నీళ్ళు పోసిన చెయ్యి అంటే భగవంతుడు. పోసిందీ ఆయనే, తీసుకుపోయిందీ ఆయనే. మనుషులు ఇందులో నిమిత్తమాత్రులు" అని బల్ల మీద కొట్టి మరీ చెప్పారు. పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి నాన్నకి అప్పజెప్పాను. నాన్న అంతా విన్నాడు.

"బాగానే సెప్పేరు. మాస్టారు మన నూతి గట్టు సూసేరేటి?" అన్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పిన్ని అన్నయ్య వచ్చాడు. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదు, తీసుకెళతానన్నాడు. అది అబద్ధమని మాకందరికీ తెలుసు. పిన్ని చిన్న మూట కట్టుకుంది. చిన్నాన్న ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. గానుగ దగ్గరికెళ్ళి పొయ్యిలో పిప్పి ఎగదోస్తూ కూర్చున్నాడు. తల్లి మాట తప్పనలేడు, పెళ్ళాన్ని తప్పుబట్టలేడు. ఆ రోజు పాకం మాడిపోయింది.

"పిన్నీ, మళ్ళీ ఎప్పుడొత్తావు?" అని అడిగాను.

"మీ నాయనమ్మ రమ్మంటే వత్తాను" అంది. నాయనమ్మకి పిన్ని ఎందుకు వెళ్ళిందో కూడా తెలియదే, ఎలా రమ్మంటుంది? నాకు ఏడుపొచ్చింది. పెద్దవాళ్ళ మీద ఒళ్ళు మండింది.

తరవాత వారం నాయనమ్మ పుట్టింటివాళ్ళు వచ్చి ఆవిడ్ని నిద్రకి తీసుకెళ్ళారు. భర్త పోయిన ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టి పంపడం ఆచారం. తోడుగా నన్ను పంపారు. ఏటికొప్పాక దాటి లోపలికి వెళ్ళాలి ఆ ఊరు. మేం చేరిన మర్నాడు పొద్దున్న అక్కడ పక్కింట్లో ఒక ముసలావిడ పోయింది. చాన్నాళ్ళుగా జ్వరంతో మంచంలోనే ఉందట, నిద్రలోనే ప్రాణం పోయిందట. నాయనమ్మకి చిన్ననాటి నేస్తం. ఏడవడానికి వెళుతూ నా చెయ్యి పట్టుకుంది.

అక్కడి ఆడవాళ్ళు వరసగా కూర్చుని రాగం అందుకున్నారు.

"ఆకు సుట్టి పెంచిన సెరుకా, గాలికి ఒరగనియ్యని సెరుకా... నీళ్ళు పోసిన సెయ్యే నిన్ను నేల కూల్సిందా, నా తల్లీ..."

అదే మాట. చెరుకు పడిపోకుండా దాని ఆకులే దానికి జడలా చుట్టి కట్టడం మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన పనే. అలా కాపాడి, నీళ్ళు పెట్టి పెంచిన రైతు చెయ్యే చివరికి కత్తి పట్టి దాన్ని నరుకుతుంది. పక్కనున్న ఒకావిడ కొంగు లాగి, ఈ ఏడుపు ఎవరు కట్టారని అడిగాను. "ఎవులు కడతారే, మాయమ్మ ఏడిసీది, మాయమ్మకి ఆలమ్మ ఏడిసీది. మా ఊళ్ళో ఎవులు పోయినా ఇదే ముక్క" అంది. నాయనమ్మ కూడా వాళ్ళతో కలిసి అదే ముక్క తప్పు పోకుండా ఏడుస్తోంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఇంక ఆగలేకపోయాను. నాయనమ్మా, ఆ మాట నువ్వు తాతయ్యకి అన్నావు, దానికే పిన్ని వెళ్ళిపోయింది, వాళ్ళమ్మకి జబ్బేం లేదు అని మొత్తం కక్కేశాను. నాయనమ్మ నా వైపు అయోమయంగా చూసింది.

"నానేటన్నాను? మల్లీ అను."

అన్నాను.

"అలాగ పొడిగా అంటే ఎవులికైనా తగులుతాది. ముందర ముక్క అన్నేనేటి? సెరుకా అన్నది?"

"అనలేదు. నీళ్ళు పోసిన సెయ్యే అని ఒక్కటే అన్నావు. తరవాత పడిపోయావు."

నాయనమ్మ కిటికీ వైపు తిరిగింది. నేనయితే లోపల గంతులేస్తున్నాను, చిక్కు విడిపోయిందని, అందరికీ చెప్పేయొచ్చని. అప్పుడావిడ నా మొహం చూడకుండానే అంది.

"మాయమ్మ ఏడుపే. నానేటీ కట్టలేదు. గానీ, ఏడుపొచ్చినప్పుడు ఏ ముక్క ముందొత్తాదో అది మన సేతిలో ఉంటాదేటే గుంటా?"

నా గంతులన్నీ ఆగిపోయాయి. అంటే పిన్నిని అన్నట్టా, అననట్టా? అడిగాను. "నాకు తెల్దు" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలియనట్టు అంది.

అనకాపల్లిలో బస్సు దిగేసరికి నాన్న ఎదురొచ్చాడు. నాయనమ్మ ఇంటి దారి పట్టలేదు. సబ్బవరం బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. "నిద్ర సేసొచ్చినోలు తిన్నగా ఇంటికెళ్ళాలే అమ్మా. ఇంకో గుమ్మంలోకి ఎళ్ళకూడదు" అన్నాడు నాన్న. "గుమ్మంలోకి ఎళ్ళన్లే" అని బస్సెక్కి కూర్చుంది. చేసేది లేక మేమూ ఎక్కాం.

పిన్ని పుట్టింటి ముందు వీధిలో నాయనమ్మ నిలబడింది. ఎండ మండిపోతోంది. కొత్తగా భర్త పోయిన మనిషిని లోపలికి రమ్మనాలో వద్దో తెలియక పిన్ని అన్నయ్య అరుగు మీద అటూ ఇటూ తిరిగాడు. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. లోపల్నుంచి పిన్ని వచ్చి ద్వారబంధం పట్టుకుంది. నాయనమ్మ సంజాయిషీ చెబుతుందని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. చెరుకు మాట, తన తల్లి ఏడుపు మాట, అదంతా చెబుతుందని. అవేవీ చెప్పలేదు.

"నాకు తానానికి నీళ్ళెవులు పోత్తారు?" అంది.

అంతే. పిన్ని లోపలికి వెళ్ళింది. మూటతో బయటికొచ్చింది. బస్సులో నేను అత్తాకోడళ్ళిద్దరి మధ్యా కూర్చుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూస్తూ, ఇప్పుడు వీళ్ళు కలిసిపోయినట్టా కాదా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఈ కొత్త మాటకీ అర్థాలు మొదలయ్యాయి. నాయనమ్మ తప్పు ఒప్పేసుకుంది అన్నాడు నాన్న. "పాపం కడుక్కోమని పిలిసింది" అంది ఎదురింటి పెద్దమ్మ. ముసలామెకి చాకిరీ చెయ్యడానికి మనిషి కావాలి, అంతకన్నా ఏం లేదు అంది మా అమ్మ. నేను నాయనమ్మ పుట్టింటి ఊరి ఏడుపు సంగతి అందరికీ చెప్పాను. విన్నవాళ్ళు విన్నారు, విననివాళ్ళు వినలేదు. చిన్నాన్న నూతి గట్టు మీద నాచంతా గీకి, గరుకు రాళ్ళు తెచ్చి పరిచాడు. మర్నాటి నుంచి నాయనమ్మకి స్నానం పిన్నే చేయించింది. ఇంకెవరు వస్తానన్నా నాయనమ్మ ఒప్పుకునేది కాదు.

ఏళ్ళు గడిచాయి. నేను చదువుకుని, పెళ్ళయి, ఉద్యోగంలో చేరాక నాయనమ్మ పోయింది. ఆఖరి స్నానం కూడా పిన్నే చేయించింది. వాకిట్లో ఊరంతా కూర్చుంది. అంత గొంతున్న మనిషి ఈ రోజు ఏం మాట అంటుందో, పాత లెక్క ఎలా తీరుస్తుందో అని అందరి చెవులూ అక్కడే. పిన్ని నోరు తెరిచింది. ఏడుపొచ్చింది. మాట రాలేదు. రాగం లేదు, ముక్క లేదు, ఉత్త ఏడుపు. చిన్నపిల్ల ఏడ్చినట్టు. దానికీ ఊరు అర్థం చెప్పింది. కోపం ఇంకా పోలేదని కొందరు, గుండె పగిలిందని కొందరు.

నాకు ఉండబట్టలేదు. జనమంతా వెళ్ళిపోయిన మర్నాడు పిన్ని నూతి గట్టు మీద ఊరికే కూర్చుని ఉంటే పక్కన చేరాను.

"పిన్నీ, మాట పెట్టి ఏడవలేదేం?"

"ఏ మాటెట్టినా ఎవులో ఒకలికి తగులుతాదే. ఉత్తినే ఏడిసేను."

"నాయనమ్మ ఆ రోజు నిన్ను అందా? అనలేదా? ఎప్పుడైనా అడిగావా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "అడగనేదు. ఆవిడా సెప్పనేదు. మా గుమ్మం ముందు నిలబడి నీళ్ళెవులు పోత్తారని అడిగింది సూడు, అది నన్ను నమ్మి అడిగిందో, ఏదీ, నన్నూ పడెయ్యి సూద్దాం అని అడిగిందో, ఈ రోజుకీ నాకు తెల్దు. తెలక, తువ్వాలు ముందే బుజం మీదేసుకుని, తానం అయ్యీదాకా ఏ రోజూ ఆవిడ జబ్బ ఒదల్లేదు. కుడి సేత్తో సెంబు, ఎడం సేత్తో జబ్బ. ఆవిడ కసిరినా ఒదల్లేదు."

తరవాత తన ఎడం చేతిని ఒళ్ళో పెట్టుకుని, తీసి గట్టు మీద పెట్టి, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుని దాని వైపే చూస్తూ అంది.

"ఇప్పుడీ సెయ్యి ఎక్కడెట్టుకోవాలో తెలటం నేదే."

పిన్ని కూడా పోయి చాలా కాలమైంది. తరవాత బడిలో ఎన్ని పద్యాలకి తాత్పర్యం చెప్పానో, ఎన్ని వ్యాఖ్యలు దిద్దానో. పిన్ని తన చెయ్యి చూసుకుంటూ అన్న ఆ ఒక్క మాటకి మాత్రం నేను ఎవర్నీ అర్థం అడగలేదు.